బయోసైన్సెస్‌లో పీహెచ్‌డీ: పరీక్షల నుంచి వైవా దాకా ఎలా చేయాలి

బైపీసీ చదివి, ఎంబీబీఎస్ సీటు రాక బీఎస్సీలో చేరి, అక్కడ జువాలజీయో మైక్రోబయాలజీయో నిజంగానే నచ్చేసి, ఎమ్మెస్సీ కూడా పూర్తిచేసి "ఇప్పుడేంటి" అని కూర్చున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మొదటి నుంచీ ఇష్టపడి వచ్చినవాళ్ళకూ పనికొస్తుంది, కాకపోతే మన దగ్గర ఎక్కువమంది వచ్చే దారి అదే, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వే ఉంటాయి. హబ్సిగూడ నుంచి పటాన్‌చెరు దాకా ఒకే ఊళ్ళో ఇన్ని బయాలజీ ల్యాబులు ఉన్నప్పుడు వేరే ఊరి ఉదాహరణలు వెతుక్కోవడం ఎందుకు.

మనవాళ్ళు నెట్ అనే అర్హత పరీక్ష కోసం రెండేళ్ళు పుస్తకాల ముందు కూర్చుంటారు, ఏ గైడ్ దగ్గర చేరాలన్నది మాత్రం ఒక సాయంత్రం టీ తాగుతూ తేల్చేస్తారు. చేరాక ఐదారేళ్ళు ఎలా గడుస్తాయన్నది ఎక్కువగా ఆ సాయంత్రం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే కింద పరీక్షల గురించి తక్కువ, గైడ్ గురించి ఎక్కువ రాశాను.

1. ముందు కొన్నాళ్ళు ల్యాబ్‌లో పనిచేసి చూడండి

చాలా కాలేజీల్లో ప్రాక్టికల్ అంటే మేడమ్ చేస్తుంటే ముప్పై మంది చుట్టూ నిలబడి చూడటం. అలా చూసి పీహెచ్‌డీ నాకు సరిపడుతుందో లేదో తేల్చుకోలేరు. డబ్బు కడితే ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్‌తో సహా చేతిలో పెట్టే ట్రైనింగ్ సెంటర్లు కూడా ఉన్నాయి, వాటి జోలికి వెళ్ళకండి, ఎందుకో ఇంటర్వ్యూ దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

చదువుతున్నప్పుడైతే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌కు అప్లై చేయండి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయనిస్తారు, కొంత స్టైపెండ్ కూడా ఇస్తారు. దరఖాస్తులు అంతకుముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు కాబట్టి మార్చిలో గుర్తొస్తే లాభం లేదు. ఎమ్మెస్సీ అయిపోయిందంటే ప్రాజెక్ట్ అసోసియేట్ ఉద్యోగాలు చూడండి, సంస్థల వెబ్‌సైట్లలో రిక్రూట్‌మెంట్ పేజీల్లో ఏడాది పొడవునా పడుతూనే ఉంటాయి.

అక్కడ గమనించుకోవాల్సింది సబ్జెక్టు ఎంత తెలుసన్నది కాదు. ఒక క్లోనింగ్ మూడుసార్లు ఫెయిలై, నాలుగోసారి మళ్ళీ మొదటి నుంచి ప్లేట్లు పోయాల్సి వస్తే మీకు ఏమనిపిస్తోంది? చిరాకుతో పాటు "ఎందుకు రావట్లేదు" అన్న దురద కూడా ఉంటే ముందుకెళ్ళండి. చిరాకొక్కటే ఉంటే ఇండస్ట్రీలో క్వాలిటీ కంట్రోల్, క్లినికల్ రీసెర్చ్, రెగ్యులేటరీ ఉద్యోగాలు ఉన్నాయి, ఇంకో దారిలో సంతోషంగా ఉండొచ్చు. ఇంట్లో ఖాళీగా ఉన్నానని అనిపించుకోకుండా ఉండటానికి మాత్రం పీహెచ్‌డీలో చేరకండి, ఆ కారణం రెండో ఏడాది దాకా కూడా నిలవదు.

2. అర్హత, పరీక్షలు

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ళ డిగ్రీ చేసి 75 శాతం తెచ్చుకున్నవాళ్ళు ఎమ్మెస్సీ లేకుండానే చేరొచ్చు. ఇక్కడి దాకా తేలికే.

పరీక్షల్లో పెద్దది సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, లైఫ్ సైన్సెస్ పేపర్. మామూలుగా ఏడాదికి రెండుసార్లు, మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ ఏ జనరల్ ఆప్టిట్యూడ్, 20లో 15 రాయాలి. పార్ట్ బి 50లో 35. పార్ట్ సి 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు, అంటే సగం మార్కులు అక్కడే ఉన్నాయి. తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో పాతిక శాతం కోత. ఈ లెక్క చూశాక కూడా చాలామంది పదమూడు యూనిట్లనూ సమానంగా బట్టీ పడతారు, పార్ట్ సిలో "ఈ మ్యుటెంట్‌కు ఈ ఇన్హిబిటర్ ఇస్తే జెల్ మీద ఏం కనిపిస్తుంది" అని అడిగితే నీళ్ళు నములుతారు. నా సలహా, ఆరేడు యూనిట్లు లోతుగా చదవండి, వాటిలో మెథడ్స్ యూనిట్ తప్పనిసరిగా ఉండాలి, మిగతావి పార్ట్ బికి సరిపడా చూసుకోండి. పాత ప్రశ్నపత్రాలు చేసేటప్పుడు జవాబు సరైందా అన్నదాంతో ఆపకుండా మిగతా మూడూ ఎందుకు తప్పో కాగితం మీద రాయండి. ఇది టైమ్ తినేస్తుంది, కానీ పార్ట్ సికి ఇంతకంటే మంచి తయారీ నాకు తెలియదు.

నెట్ ఒక్కటే దారి అనుకోకండి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) వాళ్ళ బెట్ పరీక్ష ఉంది, బయోటెక్ వాళ్ళకు బాగా సరిపోతుంది. గేట్‌లో బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్, ఎకాలజీ పేపర్లు ఉన్నాయి, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ వాళ్ళు పెట్టే జేజీఈఈబీఐఎల్‌ఎస్ అనే పరీక్ష గురించి మన యూనివర్సిటీల్లో చాలామందికి తెలియదు. బెంగళూరులోని బయాలజీ పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌తో పాటు ఇంకా కొన్ని సంస్థలు దాని స్కోరుతో పిలుస్తాయి, ప్రశ్నలు జ్ఞాపకశక్తి కంటే ఆలోచనను చూస్తాయి, ఒకటి రెండు పాత పేపర్లు చేసి చూడండి, సరదాగా ఉంటాయి కూడా. రాష్ట్ర యూనివర్సిటీలకు వాటి ఎంట్రన్సులు వేరు.

2024 జూన్ నుంచి నెట్ ఫలితాల్లో మూడు కేటగిరీలు వస్తున్నాయి: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ, కేవలం పీహెచ్‌డీ. జేఆర్‌ఎఫ్ వస్తే ఫెలోషిప్ మీతోనే వస్తుంది. జేఆర్‌ఎఫ్ రాకుండా మిగతా రెండు కేటగిరీల్లో వస్తే ఆ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కు ఒక్క ఏడాదే చెల్లుతుంది, నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. కేవలం పీహెచ్‌డీ కేటగిరీలో వచ్చిందని నిరాశపడి దాన్ని అలా వదిలేసేవాళ్ళున్నారు, వదలకండి.

డబ్బుల సంగతి ఇక్కడే చెప్పుకుందాం. జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత కమిటీ ముందు పని చూపించి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000, హాస్టల్ లేకపోతే హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం, అదనం. ఇవి 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు. మొత్తం ఐదేళ్ళు ఇస్తారు, బయాలజీలో పీహెచ్‌డీకి మాత్రం చాలాసార్లు ఆరో ఏడాది పడుతుంది, ఈ తేడాను చేరిన రోజు నుంచే గుర్తుపెట్టుకోండి. ఇంకో సంగతి, డబ్బు నెలనెలా ఒకటో తారీఖున పడుతుందని అనుకోవద్దు, మూడు నాలుగు నెలలు ఆగి ఒకేసారి పడటం మామూలే. ఈఎంఐ పెట్టుకుని బండి కొనే ముందు ఆ మాత్రం డబ్బు పక్కన పెట్టుకోండి. జేఆర్‌ఎఫ్ రాని ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఫెలోషిప్‌లు ఉన్నాయి, ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినవాళ్ళకు ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ఉంది, నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

3. ఎక్కడ చేయాలి

సెల్ బయాలజీ, జెనెటిక్స్, జీనోమిక్స్ అంటే హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు. అడవి జంతువుల మీద ఆసక్తి ఉంటే అత్తాపూర్ దగ్గర సీసీఎంబీ వాళ్ళదే లాకోన్స్ ఉంది. పోషకాహారానికి తార్నాకలో ఎన్‌ఐఎన్, పశువుల జబ్బులకు గచ్చిబౌలి వైపు ఎన్‌ఐఏబీ, కంటి జబ్బుల పరిశోధనకు ఎల్వీ ప్రసాద్. ఫిజిక్స్, కెమిస్ట్రీతో కలిసిన బయాలజీ కావాలంటే గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్, కందిలో ఐఐటీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో లైఫ్ సైన్సెస్ స్కూల్ పెద్దది, ప్లాంట్ సైన్సెస్ నుంచి ఇన్ఫెక్షన్ బయాలజీ దాకా ఉంటుంది. ఏపీలో తిరుపతి ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధన సంస్థ) 2015లో మొదలైంది, కొత్త సంస్థ కాబట్టి వయసులో చిన్న ఫ్యాకల్టీ ఎక్కువ.

పంటల మీద పనిచేయాలనుకుంటే రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో ఇక్రిశాట్. మనం తినే సాంబ మసూరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు తట్టుకునే మూడు జన్యువులను క్రాసింగ్ ద్వారా, డీఎన్‌ఏ మార్కర్ల సాయంతో చేర్చి 2008లో కొత్త రకం విడుదల చేసింది ఆ వరి సంస్థ, సీసీఎంబీ కలిసే. బేసిక్ సైన్స్ చేస్తే జనానికి ఏం పనికొస్తుందని మీ మామయ్య అడిగితే అన్నం వడ్డిస్తూ చెప్పొచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పరిశోధన సంస్థలన్నీ సొంతంగా డిగ్రీ ఇవ్వవు. సీసీఎంబీలో చేస్తే అక్‌సిర్ అనే అకాడమీ డిగ్రీ ఇస్తుంది, కొన్ని సంస్థలు ఏదో ఒక యూనివర్సిటీలో రిజిస్టర్ చేయిస్తాయి. డిగ్రీ ఎవరిస్తారు, రిజిస్ట్రేషన్ ఎప్పుడు అవుతుంది, ఫీజు ఎవరు కట్టాలి, ఈ మూడూ చేరకముందే అడగండి. ల్యాబ్‌లో చేరి ఏడాది గడిచినా రిజిస్ట్రేషన్ కాకపోతే ఆ ఏడాది లెక్కలోకే రాదు.

రాష్ట్ర యూనివర్సిటీలో సీటు వస్తే చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. పరికరాలు తక్కువే ఉండొచ్చు, కానీ మంచి గైడ్ ఉంటే పక్క సంస్థల్లో కొలాబరేషన్‌తో పని నడుస్తుంది. పేపర్లు చదవడానికి డబ్బు కట్టాల్సిన బాధ కూడా తగ్గింది, 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు, దాదాపు 13,000, 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రరీలో లాగిన్ అడిగి తీసుకోండి, చాలామంది అడగరు.

4. గైడ్, ల్యాబ్: ఇక్కడ తొందరపడొద్దు

ముందు కాగితం మీద దొరికే సమాచారం. పీహెచ్‌డీ థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్ తెరిచి గైడ్ పేరుతో వెతకండి, వాళ్ళ దగ్గర ఏ ఏడాది ఎన్ని థీసిస్‌లు వచ్చాయో కనిపిస్తుంది. ల్యాబ్ వెబ్‌సైట్‌లో పాత విద్యార్థుల పేజీ చూడండి, ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు బయటికొచ్చారు, ఇప్పుడెక్కడున్నారు. పాత విద్యార్థుల పేజీయే లేకపోతే అదీ ఒక సమాచారమే. పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో గత ఏడెనిమిదేళ్ళ పేపర్లు తీసి మొదటి రచయితగా ఎవరి పేరుందో చూడండి. పీహెచ్‌డీ విద్యార్థుల పేర్లు ఉండాలి. పది పేపర్లున్నా అన్నిట్లో మొదటి పేరు పోస్ట్‌డాక్‌లదే (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళదే) అయితే విద్యార్థులు ఏం చేస్తున్నారో అడగాలి.

తర్వాత గైడ్ వయసు. మొహమాటం వద్దు. యూజీసీ నిబంధన ప్రకారం రిటైర్మెంట్‌కు మూడేళ్ళలోపు ఉంటే కొత్త విద్యార్థిని తీసుకోకూడదు, నాలుగేళ్ళుంటే తీసుకోవచ్చు, కానీ మీకు ఐదారేళ్ళు పడుతుంది కదా. చివరి ఏడాది ల్యాబ్ మూసేస్తుంటే ఫ్రీజర్ ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగే విద్యార్థులను చాలామందిని చూశాను. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు, ఇదీ యూజీసీ పరిమితి. ఎనిమిదో మనిషిగా చేరుతుంటే మీకు బెంచ్ ఎక్కడో, గైడ్ మీతో వారానికి ఎంతసేపు మాట్లాడగలరో ఆలోచించుకోండి.

కొత్తగా ల్యాబ్ పెట్టిన చిన్న వయసు గైడా, పేరున్న పెద్ద ల్యాబా? నేనైతే కొత్త ల్యాబ్ వైపే మొగ్గుతాను, గైడ్ మీతో పాటు బెంచ్ దగ్గర నిలబడి పిపెట్ పట్టుకుంటారు, వాళ్ళకూ పేపర్ అవసరం మీకెంత అవసరమో అంతే ఉంటుంది. కాకపోతే గ్రాంట్ వచ్చిందా, పరికరాలు వచ్చాయా కనుక్కోవాలి. ఖాళీ గదిలో చేరితే మొదటి ఏడాదిన్నర కొటేషన్లు, టెండర్లు, బిల్లుల మీద సంతకాలకే పోతుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం ఒకటి. ఏ జీవి మీద పనిచేస్తారన్నది మీ టైంటేబుల్‌ను నిర్ణయిస్తుంది. ఈ.కోలై ఇరవై నిమిషాలకు రెట్టింపవుతుంది, ఈస్ట్ గంటన్నర, ప్రయోగం తప్పితే మర్నాడు మళ్ళీ చేయొచ్చు. పళ్ళ ఈగ, అంటే డ్రోసోఫిలా, 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి పది రోజులు, క్రాస్ చేయాలంటే కన్య ఈగలను పొద్దున, సాయంత్రం ఏరుకోవాలి, ఆదివారం కూడా. సంక్రాంతికి ఊరెళ్ళాలంటే వయల్స్‌ను 18 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోకి మార్చి వెళ్తారు, అప్పుడు ఎదుగుదల దాదాపు సగం వేగానికి పడిపోతుంది. సెల్ కల్చర్ వాళ్ళు రెండు మూడు రోజులకోసారి పాసేజ్ చేయాలి (కణాలను కొత్త ప్లేట్లలోకి మార్చాలి) లేదా ఫ్రీజ్ చేసి వెళ్ళాలి. ఎలుకలైతే కడుపులో మూడు వారాలు, పాలు మాన్పించడానికి ఇంకో మూడు వారాలు, మీక్కావలసిన జీనోటైప్ రావడానికి రెండు మూడు తరాలు పట్టిందంటే ఏడాది అయిపోతుంది, దానికి ముందు జంతు నైతిక కమిటీ అనుమతి కోసం ఆగడం వేరే. వరి అయితే ఏడాదికి రెండు పంటలే. అడవిలో పని అయితే అటవీ శాఖ పర్మిట్, సీజన్ రెండూ కలిసి రావాలి. ఏదీ ఎక్కువ తక్కువ కాదు. ఓపిక లేనివాళ్ళు ఎలుకల్లోకి, రోజూ ల్యాబ్‌కు రావడం ఇష్టం లేనివాళ్ళు ఈగల్లోకి వెళ్తే మాత్రం కష్టపడతారు. వెట్ ల్యాబ్ అసలే పడనివాళ్ళు కంప్యుటేషనల్ వైపు చూడండి, ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే చాలా ల్యాబులు పిలిచి మరీ తీసుకుంటాయి.

చివరికి, ల్యాబ్‌లో ఉన్న విద్యార్థులతో మాట్లాడండి. ల్యాబ్‌లో వద్దు, క్యాంటీన్‌కు తీసుకెళ్ళండి. "సార్ మంచివారేనా" అని అడిగితే అందరూ మంచివారే అంటారు. ఇలా అడగండి: సార్‌తో చివరిసారి డేటా గురించి ఎప్పుడు కూర్చున్నారన్నా? మాన్యుస్క్రిప్ట్ ఇస్తే ఎన్నాళ్ళకు తిరిగొస్తుందక్కా? మధ్యలో వదిలేసి వెళ్ళినవాళ్ళున్నారా, ఎందుకు వెళ్ళారు? ఒకే ప్రాజెక్టు ఇద్దరికి ఇచ్చి పోటీ పెడతారా? ఇంట్లో వాళ్ళకు బాగోలేకపోతే సెలవిస్తారా? జవాబు చెప్పేముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే అర్థం చేసుకోండి. ఒక్కరి మాట మీద పోవద్దు, కోపంగా ఉన్న ఆరో ఏడాది సీనియర్, ఆనందంగా ఉన్న మొదటి ఏడాది జూనియర్ ఇద్దరూ సగమే చెప్తారు.

5. మెయిల్, ఇంటర్వ్యూ

గైడ్‌కు మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అన్న మూస వద్దు. రోజుకు అలాంటివి ఎన్నో వస్తాయి, తెరవరు. ఎవరు, ఏం చదివారు, ఏ పరీక్ష పాసయ్యారు అనేది రెండు వాక్యాలు. వాళ్ళ పేపర్ ఒకటి చదివి అందులో ఒక బొమ్మ గురించి నిజంగా కలిగిన ప్రశ్న ఒకటి. సీవీ జతచేయండి, అంతే. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే ఇంకొకరిని చూసుకోండి.

ఇంటర్వ్యూలో మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు నుంచే సగం ప్రశ్నలు వస్తాయి. కొన్న ప్రాజెక్టు అయితే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఎందుకంటే అడిగేది థియరీ కాదు. పీసీఆర్ 30 సైకిల్స్ ఎందుకు పెట్టారు, 60 పెడితే ఏమవుతుంది? డీఎన్‌ఏ వేయని నెగటివ్ కంట్రోల్‌లో బ్యాండ్ వస్తే తర్వాత ఏం చేస్తారు? ఈ గ్రాఫ్‌లో ఎర్రర్ బార్ దేనిది? బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలవడానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి చేసే ఉంటారు, 1925లో వచ్చిన ఆ పద్ధతిలో సుబ్బారావు అంటే భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. ఆ నీలం రంగు ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, ఫాస్ఫేటు మాలిబ్డేట్‌తో కలిసి, ఆ కలిసినది రిడ్యూస్ అవడం వల్ల అని చెప్పగలగాలి. మీరు చేసిన ప్రతి టెక్నిక్‌కూ ఇలా ఒక మెట్టు కిందికి దిగి ఎందుకు అని అడుక్కుంటే తయారీ అయిపోయినట్టే.

తెలియకపోతే తెలియదనండి, ఆ వెంటనే "ఇలా అయ్యుండొచ్చు, దాన్ని తేల్చడానికి ఈ ప్రయోగం చేస్తాను" అని జోడించండి. కమిటీ ఎదురుచూసేది ఆ రెండో భాగం కోసమే. ఇంగ్లిష్ గురించి తెలుగు మీడియం వాళ్ళు పడే టెన్షన్ నాకు తెలుసు. వ్యాకరణం తప్పినందుకు ఎవరూ సీటు తీసెయ్యరు, కానీ భయంతో మాట్లాడకపోతే మీకు తెలుసని వాళ్ళకెలా తెలుస్తుంది? మీ ప్రాజెక్టును బోర్డు మీద బొమ్మ గీస్తూ ఐదు నిమిషాలు చెప్పడం ఇంట్లో గట్టిగా ప్రాక్టీస్ చేయండి, బొమ్మ ఉంటే మాటలు తక్కువైనా నడుస్తుంది.

విదేశాలకు వెళ్ళాలనుకుంటే

అమెరికాలో బయోసైన్సెస్ పీహెచ్‌డీకి ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు, ఐదారేళ్ళు. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో రొటేషన్ చేసి ఆ తర్వాతే గైడ్‌ను ఎంచుకుంటారు, మనకు అసూయ పుట్టించే పద్ధతి అది. దరఖాస్తులు డిసెంబరు మొదట్లో, మూడు రికమండేషన్ లెటర్లు కావాలి, చాలా ప్రోగ్రాములు జీఆర్‌ఈ తీసేశాయి. దరఖాస్తు ఫీజు మాఫీ ఉందేమో మెయిల్ చేసి అడగండి, చాలాచోట్ల ఇస్తారు. 2025లో అమెరికా ఆరోగ్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్ నిధుల గొడవతో కొన్ని ప్రోగ్రాములు సీట్లు తగ్గించుకున్నాయి కాబట్టి అమెరికా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. జర్మనీలో ఎమ్మెస్సీ ఉండాలి, మూడు నాలుగేళ్ళు, చాలాచోట్ల అది ఉద్యోగ ఒప్పందంలా జీతంతో ఉంటుంది, మాక్స్ ప్లాంక్ స్కూళ్ళు నేరుగా దరఖాస్తులు తీసుకుంటాయి. డబ్బు కట్టి పీహెచ్‌డీ సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలను మాత్రం గుమ్మంలోనే ఆపేయండి, ఈ సబ్జెక్టులో మనం డబ్బు కట్టి చేరాల్సిన పనే లేదు.

6. చేరాక

కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో రీసెర్చ్ ఎథిక్స్ ఉంటుంది, పాసైపోతారు. ఆ క్లాసులు నడిచే నెలల్లోనే ల్యాబ్‌లో పాత థీసిస్‌లు చదివేయండి, ముఖ్యంగా పబ్లిష్ కాని చివరి చాప్టర్లు. ఏది ఇప్పటికే పనిచేయలేదో అక్కడ ఉంటుంది.

నోట్‌బుక్ ఆ రోజుది ఆ రోజే రాయండి. యాంటీబాడీ కేటలాగ్ నంబర్, లాట్ నంబర్, ఎన్ని రెట్లు పలచన చేశారు, అన్నీ. నాలుగేళ్ళ తర్వాత రివ్యూయర్ అడుగుతారు, అప్పుడు జ్ఞాపకం అన్నం పెట్టదు. డేటా రెండుచోట్ల దాచండి, పెన్‌డ్రైవ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

ఆర్డర్లు ముందే పెట్టాలి. ఎంజైమ్ అయినా యాంటీబాడీ అయినా బయటి దేశం నుంచి రావాలంటే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, మార్చి వచ్చిందంటే అకౌంట్స్ సెక్షన్‌లో ఏ ఫైలూ కదలదు. స్టోర్స్‌లో, అకౌంట్స్‌లో, యానిమల్ హౌస్‌లో పనిచేసేవాళ్ళను పేరుపెట్టి పలకరించి గౌరవంగా ఉండండి, మీ పీహెచ్‌డీ ఎంత త్వరగా అవుతుందో వాళ్ళ చేతుల్లో చాలా ఉంది.

ఒకే ప్రాజెక్టు మీద కూర్చోవద్దు. రిస్కు ఉన్నది ఒకటి, ఎలాగైనా ఏదో ఒక ఫలితం వచ్చేది ఒకటి, రెండూ సమాంతరంగా నడపండి. మూడో ఏడాదిలో అందరికీ ఒక గుంట వస్తుంది, ప్రయోగాలు రావు, తోటివాళ్ళకు సాఫ్ట్‌వేర్‌లో ఇళ్ళు, కార్లు వచ్చేస్తాయి, పెళ్ళిళ్ళలో బంధువులు "ఇంకా చదువుతూనే ఉన్నావా" అంటారు. నిద్ర పట్టకపోతే, పొద్దున ల్యాబ్‌కు వెళ్ళాలంటే కడుపులో తిప్పుతుంటే కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళండి, చాలా సంస్థల్లో ఉన్నారు. గైడ్‌తో పడకపోతే ఒక్కరే నలిగిపోకుండా డాక్టోరల్ కమిటీలో ఒక సభ్యుడితో మాట్లాడండి, ఏటా కమిటీ మీటింగ్ పెట్టేది అందుకే. గైడ్‌ను మార్చుకునే వీలు నిబంధనల్లో ఉంది. రెండో ఏడాది లోపల అయితే నష్టం తక్కువ, నాలుగో ఏడాదిలో మార్చడం చాలా ఖరీదు. మహిళలకు 240 రోజుల దాకా ప్రసూతి సెలవు ఉంది, మామూలు గడువు కంటే అదనంగా రెండేళ్ళు కూడా ఉన్నాయి, ఎవరైనా లేవన్నట్టు మాట్లాడితే 2022 నిబంధనల కాపీ ముందు పెట్టండి.

7. పేపరు, థీసిస్, వైవా

2022 నుంచి యూజీసీ పేపరు తప్పనిసరి అనే నియమం తీసేసింది. అయినా మీ సంస్థ నియమం వేరేగా ఉండొచ్చు, పైగా పోస్ట్‌డాక్ కావాలంటే పేపరు లేకుండా కుదరదు. మాన్యుస్క్రిప్ట్ తయారవగానే బయోఆర్కైవ్ సైట్‌లో ప్రీప్రింట్ (జర్నల్‌లో రాకముందే అందరికీ కనిపించే కాపీ) పెట్టమని గైడ్‌ను అడగండి, ఖర్చు లేదు, తేదీ మీ పేరు మీద పడుతుంది. వారంలో పబ్లిష్ చేస్తాం, ఇంత కట్టండి అని మెయిల్ పెట్టే జర్నళ్ళలో వేస్తే ఆ పేరు మీ సీవీలో మచ్చగా ఉండిపోతుంది.

థీసిస్ రాయడం చివరి ఏడాదికి వదలకండి. మెథడ్స్ చాప్టర్ రెండో ఏడాదిలోనే రాసెయ్యొచ్చు. సిమిలారిటీ, అంటే వేరేచోటి రాతతో పోలిక, 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు, దాటితే తిరిగి రాయమంటారు. మీ సొంత పేపరు నుంచి తెచ్చిన భాగం కూడా సాఫ్ట్‌వేర్‌కు కాపీలాగే కనిపిస్తుంది కాబట్టి అది మీదేనని చూపే సర్టిఫికెట్ల సంగతి లైబ్రరీలో ముందే అడగండి. కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు చదవాలి, రిపోర్టులు రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఫెలోషిప్ రాదు, మరోసారి చెప్తున్నా, డబ్బు పక్కన పెట్టుకోండి. వైవాలో మీ థీసిస్ మీకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో ఎవరూ ఉండరు, ఒక్క స్టాటిస్టిక్స్ మాత్రం ఇంకోసారి చూసుకుని వెళ్ళండి, అక్కడే పట్టుకుంటారు.

ఉద్యోగం వెతుకులాట సబ్మిట్ చేశాక మొదలుపెట్టొద్దు, కనీసం ఆరు నెలల ముందే మొదలవ్వాలి. పోస్ట్‌డాక్‌కైతే నేరుగా ల్యాబులకు రాయండి. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకాలు, బయోటెక్ కంపెనీలున్నాయి, వాళ్ళకు కావలసింది మీ థీసిస్ టైటిల్ కాదు, మీరు చేతితో చేయగలిగిన టెక్నిక్కులు, కాబట్టి సీవీలో అవి పైన ఉండాలి. డిగ్రీ కాలేజీ లెక్చరర్ నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయో చెప్పలేం, వచ్చినప్పుడు నెట్ సర్టిఫికెట్, ప్రొవిజనల్, కులం సర్టిఫికెట్ అన్నీ ఒకే ఫైల్లో ఉంటే చాలు. ల్యాబ్ వదిలేముందు మైనస్ 80 ఫ్రీజర్‌లో మీ డబ్బాల్లో ఏ ట్యూబు ఎక్కడుందో ఎక్సెల్ షీటు చేసి జూనియర్‌కు ఇవ్వండి, అది ఇవ్వకపోతే చాలాచోట్ల నో డ్యూస్ మీద సంతకం పెట్టరు.